వార్తల్లో పదం: లండన్ ఛాలెంజ్

పేద ప్రాంతాల బడుల్లో హెడ్మాస్టర్లకు నాయకత్వ శిక్షణ అనే మాట వచ్చినప్పుడల్లా వినిపించే పేరిది. లండన్ హైస్కూళ్ల చదువు మీద విమర్శలు పెరగడంతో బ్రిటన్ ప్రభుత్వం 2003లో దీన్ని మొదలుపెట్టింది. సారథి టిమ్ బ్రిగ్‌హౌస్. హాక్నీ, లాంబెత్, సదర్క్ లాంటి ప్రాంతాలపై ముందుగా దృష్టి పెట్టారు.

పద్ధతి చూడ్డానికి సాదాసీదాగానే ఉండేది. బాగా నడుస్తున్న బడి హెడ్మాస్టరు, తడబడుతున్న బడి హెడ్మాస్టరు పక్కన కూర్చునేవారు. క్లాసు ఎలా గమనించాలి, ఏ టీచరుకు ఏ బాధ్యత అప్పగించాలి, మార్కుల పట్టికలో ఏం చూడాలి అన్నవి కలిసి తేల్చుకునేవారు. తనిఖీ కాదు, తోడు. వెనకబడిన బడులకు ‘విఫలమైనవి’ అని ముద్ర వేయకుండా ‘విజయానికి తాళంచెవులు’ అని పేరు పెట్టారు. పేరులో ఏముందిలే అంటాం గానీ, స్టాఫ్‌రూమ్‌లో ఆ తేడా తెలుస్తుంది.

లండన్ ఫలితాలు బాగా మెరుగుపడ్డాయి. ఆ ఘనత అంతా ఈ పథకానిదే కాదని, వలస కుటుంబాల పిల్లల పట్టుదల, ప్రాథమిక బడుల మెరుగుదల కూడా కారణాలని కొందరు ఆర్థికవేత్తల వాదన. అందులోనూ నిజం ఉంది.

2008లో మాంచెస్టర్‌కూ విస్తరించిన ఈ కార్యక్రమం 2011లో ముగిసింది. మన దేశంలో హెడ్మాస్టర్ల శిక్షణకు జాతీయ పాఠశాల నాయకత్వ కేంద్రం 2012లో ఢిల్లీలో ఏర్పడింది.