తిరుపతికీ చిత్తూరుకీ నడుమ ఒక చుక్క

రా అబ్బోడా, కూర్చో. అమ్మీ, నువ్వూ రా. పదో తరగతి లెక్కల్లో విభజన సూత్రం వస్తుంది కదా, దాంట్లో ఈరోజు మన ఊళ్ళ అంకెలే పెడదాం.

ఊరికి నిరూపకాలంటే రేఖాంశం, అక్షాంశమే. తిరుపతివి సుమారు 79.42, 13.63. చిత్తూరువి 79.10, 13.22. తిరుపతి నుంచి చిత్తూరుకు తిన్నగా గీత గీసి, దాన్ని 3:1 నిష్పత్తిలో విభజించే చుక్క కావాలి. అంటే నాలుగు పాళ్ళలో మూడు పాళ్ళు నడిచి నిలబడ్డాం. ఇంత దగ్గరి ఊళ్ళకు భూమి గుండ్రతనాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

చిత్తూరు రేఖాంశాన్ని మూడుతో గుణించి, తిరుపతిది ఒకసారి కలిపి, నాలుగుతో భాగించండి. 316.72ని నాలుగుతో భాగిస్తే 79.18. అక్షాంశానికీ అంతే: 53.29ని నాలుగుతో భాగిస్తే సుమారు 13.32. అదే మన చుక్క.

తిరుపతి నుంచి మూడు పాళ్ళు వచ్చాం కదా, మరి ఆ మూడు చిత్తూరును ఎందుకు గుణించాలి? పిల్లలు తడబడేది ఇక్కడే. కావడి తలుచుకోండి. ఒక కొసన మూడు బిందెలు, రెండో కొసన ఒకటే బిందె వేలాడుతుంటే భుజం ఎక్కడ పెడతాం? మూడు బిందెల వైపుకే జరుపుతాం. అటు మూడు బిందెలకు ఒక పాలు దూరం, ఇటు ఒక బిందెకు మూడు పాళ్ళ దూరం; అప్పుడే కావడి నిలుస్తుంది. మన చుక్క చిత్తూరుకు దగ్గర కాబట్టి మూడు బిందెల బరువు చిత్తూరుదే. ఈ బరువుల ఆలోచననే పట్టుకుని జర్మనీలో మోబియస్ అనే గణిత శాస్త్రవేత్త 1827లో ఒక పుస్తకమే రాశాడు.

నాకు ఇంకా ముచ్చటైన సంగతి వేరే ఉంది. మన దగ్గర ఒక డిగ్రీ అక్షాంశమంటే దాదాపు 111 కిలోమీటర్లు, ఒక డిగ్రీ రేఖాంశమైతే 108కి కాస్త అటూ ఇటూ. రెండు కొలతలూ ఒకటి కావు. అయినా చుక్క తప్పలేదు! అడ్డం లెక్క అడ్డానిది, నిలువు లెక్క నిలువుది. రెండింటిలోనూ నిష్పత్తి ఒకటే ఉంటే చాలు. దూరం కొలిచేటప్పుడు మాత్రం ఈ తేడా చూసుకోవాల్సిందే. అలా చూస్తే ఆ గీత పొడవు సుమారు 57 కిలోమీటర్లు.

రైల్లో వెళ్తే ఈ చుక్క మీదుగా పోము. రైలు చంద్రగిరి దాటి పడమరగా పాకాల చేరి, అక్కడ దక్షిణానికి తిరుగుతుంది. పాకాల రేఖాంశం సుమారు 79.12, అక్షాంశం 13.47. మన గీతకు అది ఎంత పడమరగా ఉందో, అమ్మీ, నువ్వు లెక్కకట్టు.