పాత్రధారణ వీడియో గేముల్లో క్లిష్టత, కథాగమనం, కథాశాఖలు: వికారాబాద్–తాండూరు దారుల నమూనాతో ఒక వివరణ

వ్యాససంగ్రహం:
అద్భుతకల్పనతో కూడిన పాత్రధారణ వీడియో గేముల్లో కథను రచయిత ఒక్కడే నడపడు. ఆటగాడి ఎంపిక, నైపుణ్యం కూడా నడుపుతాయి. ఇటువంటి కథనానికి క్లిష్టత, గమనం, శాఖలు అనే మూడు అంశాలు ఆధారం. వాటి స్వరూపాన్నీ పరస్పర సంబంధాన్నీ వికారాబాద్, తాండూరు ప్రాంతపు భౌగోళిక ఉదాహరణలతోనూ, తెలుగు కథాసంప్రదాయంతోనూ పోల్చి వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో గేమ్, పాత్రధారణ, కథాశాఖ, పునఃసంగమం, క్లిష్టత, మజిలీ.

1. ఉపోద్ఘాతం:
1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’తో పాత్రధారణ క్రీడకు స్పష్టమైన రూపం ఏర్పడింది. ఆటగాడు ఒక పాత్రను స్వీకరించి నిర్ణయాలు తీసుకొంటాడు, వాటి ఫలితాలను అనుభవిస్తాడు. కంప్యూటర్ తెర ఈ పద్ధతినే స్వీకరించింది. నేటి విద్యార్థుల్లో చాలామందికి ఇతర భాషల కథాప్రపంచాలు ఈ ఆటల ద్వారానే పరిచయమవుతున్నాయి. అయినా కథనశాస్త్ర చర్చల్లో వీటిని పాఠ్యాలుగా పరిగణించడం మన దగ్గర అరుదు. వీటి నిర్మాణాన్ని తెలుగులో వివరించుకోగలిగితేనే వీటిపై తెలుగులో విమర్శ సాధ్యమవుతుంది.

2. కథాశాఖలు – పునఃసంగమం:
ప్రతి ఎంపికా కథను రెండుగా చీల్చి, ఆ చీలికలు మళ్ళీ కలవకుండా సాగితే, పది ఎంపికలు ముగిసేసరికి 1,024 ముగింపులు ఏర్పడతాయి. మొత్తం మీద 2,047 ఘట్టాలు రాయవలసి వస్తుంది. ఏ రచయితల బృందానికైనా ఇది మోయలేని భారం. అందుచేత చీలిన దారులను కొంత దూరం నడిపించి మళ్ళీ కలుపుతారు. ప్రతి ఎంపిక తరువాత రెండు శాఖా ఘట్టాలు, ఒక సంగమ ఘట్టం ఉంటే, పది ఎంపికలకు 31 ఘట్టాలు చాలు.

ఈ నిర్మాణానికి వికారాబాద్ జంక్షన్ చక్కని నమూనా. 1874లో ప్రారంభమైన సికింద్రాబాద్–వాడి మార్గం ఇక్కడి నుంచి తాండూరు మీదుగా సాగి, వాడి, షోలాపూర్‌ల వైపు పోతుంది. రెండవ మార్గం జహీరాబాద్, బీదర్, లాతూర్‌ల వైపు చీలుతుంది. ఈ రెండు దారులూ మహారాష్ట్రలోని కుర్డువాడి వద్ద మళ్ళీ కలుస్తాయి. ఒక ప్రయాణికుడు తాండూరు నాపరాతి గనులనూ కందిచేలనూ చూస్తూ వస్తాడు. మరొకడు బీదర్ మీదుగా వస్తాడు. ఇద్దరూ దిగిన స్టేషను ఒక్కటే, వారు చెప్పుకొనే ప్రయాణాలు మాత్రం వేరు.

గేముల్లో ఈ ‘జ్ఞాపకాన్ని’ ఫ్లాగ్ అనే చిన్న గుర్తుగా భద్రపరుస్తారు. సంగమ ఘట్టంలో పాత్రలు ఆ గుర్తును బట్టి వేరుగా మాట్లాడతాయి. గుర్తే లేకుండా దారులు కలిస్తే ఆ ఎంపిక అలంకారప్రాయమవుతుంది. ఆటగాడు మోసపోయినట్లు భావిస్తాడు. ‘ది విచర్ 2’ (2011) ఇందుకు భిన్నమైన సాహసం చేసింది. మొదటి అంకం చివర చేసిన ఎంపికను బట్టి రెండవ అంకం చాలావరకు మారిపోతుంది. ఒక్కసారి ఆడినవారికి సగం శ్రమ కనబడకపోవడమే దానికి చెల్లించిన మూల్యం.

3. క్లిష్టత:
సవాలు, నైపుణ్యం సమతూకంలో ఉన్నప్పుడు మనిషి పనిలో లీనమవుతాడని మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ ప్రతిపాదించాడు. సవాలు మించితే ఆందోళన, తగ్గితే విసుగు కలుగుతాయి. మన పులి–మేక ఆటలోనూ ఈ తూకం కనిపిస్తుంది. మూడు పులులు, పదిహేను మేకలు. మేకలు కొద్దిగా ఉన్నంతసేపు పులులదే పైచేయి. మేకలు పెరిగి దారులు మూసేకొద్దీ కష్టం పులుల వైపు మళ్ళుతుంది.

వీడియో గేములు ఈ సమస్యను పలు విధాలుగా పరిష్కరిస్తాయి. ‘ఆబ్లివియన్’ (2006)లో ఆటగాడి స్థాయితోపాటు శత్రువుల స్థాయి కూడా పెరిగింది. ఫలితంగా ఎదిగామన్న తృప్తి తగ్గిందనే విమర్శ వచ్చింది. ‘డార్క్ సోల్స్’ (2011)లో క్లిష్టతను ఎంచుకొనే వీలే లేదు. అక్కడ ఓటమి పాఠంగా మారుతుంది. ‘బాల్డర్స్ గేట్ 3’ (2023) ఎంపికను ఆటగాడికే వదిలింది. దాని ‘హానర్ మోడ్’లో పాత నిర్ణయానికి తిరిగి వెళ్ళే వీలుండదు. అంటే క్లిష్టత యుద్ధానికే పరిమితం కాదు, కథలోని ఎంపికకు బరువునిచ్చేది కూడా అదే.

4. కథాగమనం – మజిలీ:
నిరంతర యుద్ధం అలసటను కలిగిస్తుంది. నిరంతర సంభాషణ ఉత్కంఠను చంపుతుంది. ఈ రెండింటి మధ్య విరామాన్ని ఎక్కడ ఉంచాలన్నదే గమనానికి సంబంధించిన ప్రశ్న. మధిర సుబ్బన్న దీక్షితుల ‘కాశీమజిలీ కథలు’ ఈ ప్రశ్నకు ఒక సమాధానం. నడక ఆగిన చోట కథ మొదలవుతుంది. మణిసిద్ధుడు ప్రతి మజిలీలో చెప్పే కథే శిష్యుణ్ణి మరునాటి ప్రయాణానికి సిద్ధం చేస్తుంది. ‘బాల్డర్స్ గేట్ 3’లో రాత్రి విడిది ఇదే పని చేస్తుంది. గాయాలు మానేదీ, సహచరులు మనసు విప్పేదీ అక్కడే.

5. మూడింటి పరస్పర సంబంధం:
ఇక్కడే ఒక చిక్కు ఎదురవుతుంది. యుద్ధాలు సులభమైతే విశ్రాంతి అవసరం తగ్గుతుంది. విడిది చేయని ఆటగాడు అక్కడి సంభాషణలను కోల్పోతాడు. ఆ సంభాషణలు లేక కొన్ని కథాశాఖలు అతనికి తెరుచుకోవు. క్లిష్టతలో చేసిన చిన్న మార్పు గమనాన్ని మార్చింది, గమనం కథనే మార్చింది. కాబట్టి ఈ మూడింటిని విడివిడిగా పరిశీలించే విమర్శ అసంపూర్ణం.

6. ముగింపు:
అనంతగిరిలో పుట్టిన మూసీ తూర్పుగా సాగి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. తాండూరు ప్రాంతపు కాగ్నా పశ్చిమంగా సాగి, భీమా నది ద్వారా అదే కృష్ణను చేరుతుంది. చేరే నది ఒకటే అయినా మూసీ హైదరాబాదును దాటింది, కాగ్నా దాటలేదు. మంచి కథాశాఖకూ ఇదే గీటురాయి: సంగమం తరువాత కూడా నడచిన దారి తెలియాలి.

తెలుగు శాఖల అధ్యాపకులు దీనిని తరగతిలోనే పరీక్షించవచ్చు. ‘ట్వైన్’ అనే ఉచిత ఉపకరణంతో, వికారాబాద్ కూడలి నేపథ్యంగా మూడు ఎంపికలు, పది ఘట్టాల తెలుగు కథను విద్యార్థులచేత రాయించవచ్చు. ఏ ఎంపిక కథను నిజంగా మార్చింది, ఏది మార్చినట్లు నటించింది అన్న చర్చ అక్కడ సహజంగా పుడుతుంది. ఇతర భాషల ఆటలను ఆడే తరం తన భాషలో అటువంటి కథను కట్టడానికి ఆ చర్చ తొలి మజిలీ కాగలదు.