ఫోన్లో రాని గొంతు

పిల్లలూ, పాత ల్యాండ్‌లైన్ ఫోన్ల సంగతి మీ అమ్మానాన్నలకు బాగా తెలుసు. అవతల గంభీరమైన గొంతున్న పెదనాన్న "హలో" అంటే చాలు, ఆయనే అని ఇట్టే పోల్చుకునేవాళ్లం. గొంతులోని ఆ బరువు అలాగే వినపడేది. కానీ ఆ బరువు తీగ మీద రానేలేదు! మగవాళ్లు మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు సెకనుకు ఇంచుమించు 100 నుంచి 120 సార్లు అదురుతాయి. పాత టెలిఫోన్ మోసుకొచ్చేది సెకనుకు 300 నుంచి 3400 కంపనాల మధ్య ఉన్న ధ్వనుల్నే. కింద ఉన్నదాన్నీ కోసేసేది, పైన ఉన్నదాన్నీ కోసేసేది. మరి రాని ధ్వని ఎలా వినిపించింది?

అది తెలియాలంటే చెవిలోపలికి వెళ్లాలి. ధ్వని వచ్చి కర్ణభేరిని కదిపితే దాని వెనకున్న సుత్తి, పట్టెడ, అంకవన్నె అనే మూడు ఎముకలు కదులుతాయి. అంకవన్నె పొడవు 3 మిల్లీమీటర్లు. ఒంట్లోకెల్లా చిన్న ఎముక అదే. లోపలి చెవి నిండా ద్రవం ఉంటుంది. గాలిలో వచ్చిన ధ్వని నేరుగా ద్రవాన్ని తాకితే దాదాపు అంతా వెనక్కి మళ్లిపోతుంది. అందుకే ఈ ఎముకలు, వెడల్పైన కర్ణభేరి మీద పడిన తాకిడిని లోపలి చెవి ముంగిట ఉన్న చిన్న కిటికీ మీదికి చేర్చి, ఒత్తిడిని సుమారు 20 రెట్లు పెంచి లోపలికి పంపుతాయి.

కిటికీ అవతల ఉన్నది కర్ణావర్తం. రెండున్నర చుట్లు తిరిగిన ఆ గొట్టాన్ని విప్పి చాపితే 35 మిల్లీమీటర్లు ఉంటుంది. లోపల పొడవునా ఒక పొర, దాని మీద వరసల్లో సుమారు 15 వేల రోమకణాలు. పొర మొదట్లో ఇరుకుగా, బిగువుగా ఉంటుంది. పోనుపోను వెడల్పై వదులవుతుంది. కీచు ధ్వనికి మొదటి భాగం, మంద్రధ్వనికి చివరి భాగం ఎక్కువగా ఊగుతాయి. హార్మోనియం మెట్లలా ఏ ధ్వని చోటు దానిదే. ఏ చోటు ఊగితే అక్కడి రోమకణాలు వంగి, విద్యుత్ సంకేతం పుట్టి, నాడి వెంట మెదడుకు చేరుతుంది.

ఆ పొర మీద అల పరుగెత్తడాన్ని కళ్లారా చూసినవాడు జార్జ్ ఫాన్ బెకెషీ. బుడాపెస్ట్‌లో హంగేరీ తపాలా శాఖ పరిశోధనశాలలో టెలిఫోన్ల మీద పనిచేసేవాడు. చనిపోయినవాళ్ల చెవుల్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి, వెలిగి ఆరే దీపపు వెలుగులో చూసి, 1961లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. తీగల దగ్గరే ఆగిపోకుండా, వినే చెవి దాకా వెళ్లాడే, అందుకే ఆయనంటే నాకు అంత గౌరవం.

ఇప్పుడు పెదనాన్న గొంతు సంగతి. గొంతు 100 దగ్గర పలికితే దానితోపాటు 200, 300, 400, 500 దగ్గర కూడా అనుస్వరాలు పుడతాయి. ఫోన్లో 100, 200 పోయాయి. మిగిలినవి మెదడుకు చేరాయి. అవన్నీ వంద వంద ఎడంగా ఉన్నాయి గనక వీటి మూలం 100 అయి ఉండాలని మెదడు తేల్చుకుని, ఆ గొంతునే మనకు వినిపిస్తుంది. లెక్క కట్టినట్టు మనకు తెలియను కూడా తెలియదు!

పైన కోసేసినదాని సంగతి అలా కాదు. 'స' పలికితే వచ్చే బుసలో బలమంతా సెకనుకు 4000 కంపనాల పైనే ఉంటుంది, దానికి అలాంటి వరస ఏమీ ఉండదు. లెక్కకు అందదు. అందుకే ఆ ఫోన్లలో పేరు రాయించేటప్పుడు "ఎస్సా, ఎఫ్ఫా?" అని అడగాల్సి వచ్చేది. ఇక్కడ మెదడు సందర్భాన్ని బట్టి ఊహిస్తుంది. 1970లో రిచర్డ్ వారెన్ అనే అమెరికన్ పరిశోధకుడు, రికార్డు చేసిన వాక్యంలో ఒక 'స' ధ్వనిని కత్తిరించి, ఆ చోట దగ్గు పెట్టి వినిపించాడు. విన్నవాళ్లకు మాట నిండుగానే వినపడింది, దగ్గు ఎక్కడ వచ్చిందో సరిగ్గా చెప్పలేకపోయారు.

ఫోన్లో పై ధ్వనులు పోయినట్టే, నాలాంటి పెద్ద వయసువాళ్ల చెవుల్లో ముందుగా పాడయ్యేవి కీచు ధ్వనుల్ని పట్టే రోమకణాలే. అచ్చులు బాగానే వినపడతాయి, 'స', 'త', 'క' లాంటి హల్లులు జారిపోతాయి. మీ అమ్మమ్మ "వినపడుతోందిరా, మాట తెలియట్లేదు" అన్నదంటే అక్షరాలా అంతే జరుగుతోంది. పెళ్లి పందిట్లో ఇంకా కష్టం, ఒక్కో మాటనూ ఊహించుకుంటూ అలిసిపోతుంది. కోళ్లకు, పావురాలకు పోయిన రోమకణాలు మళ్లీ మొలుస్తాయి, మనుషులకు మొలవవు. పెద్ద చప్పుడు వాటిని ఏ వయసులోనైనా చంపుతుంది, కాబట్టి చెవుల్లో పెట్టుకున్న పాట శబ్దం తగ్గించండి.

అమ్మమ్మ మీద మాత్రం అరవకండి. అరిస్తే అచ్చులే పెరుగుతాయి, హల్లులు తేలవు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, పెదవులు కనపడేలా నిదానంగా చెప్పండి. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. వినికిడి యంత్రం పెడితే మొదట్లో అన్ని చప్పుళ్లూ మీద పడ్డట్టు ఉంటుంది, మెదడు అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటిదాకా ఆవిడ దాన్ని తీసి డబ్బాలో పెట్టేయకుండా చూసే పూచీ మీదే.