ఇంటిలోనే పాటల రికార్డింగ్: ఏది కొనాలి, ఏది కొననక్కరలేదు?

"మా పాటలు ఇంటిలోనే రికార్డు చేసుకోవాలని ఉన్నది. ఏ మైకు కొనమంటారు? ఏ సాఫ్ట్‌వేర్ మంచిది? ఎంత ఖర్చవుతుంది?" అని అనేకులు అడుగుతూ ఉంటారు. మంచి ప్రశ్నలే. అయితే వీటికంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. మీరు ఏ గదిలో కూర్చుని పాడబోతున్నారు? ఈ ప్రశ్న అడుగకుండా దుకాణానికి వెళ్లినవారు చాలాసార్లు డబ్బు పోగొట్టుకొని వస్తారు.

మా సంఘములో ఒక వృద్ధ సహోదరి ఉండేవారు. తన తండ్రి దగ్గర నేర్చుకున్న కొన్ని పాత పాటల రాగాలు ఆమెకు తప్ప మరెవరికీ రావు. మాటలు పుస్తకములో ఉన్నాయి గాని, రాగము మాత్రం ఆమె గొంతులోనే ఉన్నది. "డబ్బు కూడనివ్వండి, పట్టణములో మంచి స్టూడియోకు తీసుకువెళ్లి రికార్డు చేయిద్దాము" అని రెండు సంవత్సరాలు చెప్పుకుంటూ వచ్చాము. డబ్బు కూడింది. అప్పటికి ఆమెకు పక్షవాతము వచ్చి మాట పడిపోయింది. చేతిలో ఉన్న ఫోనుతోనైనా ఒక్క సాయంకాలము ఆమె ఎదుట కూర్చుని ఉంటే, ఆ రాగాలు ఈ రోజు మా పిల్లల నోట ఉండేవి గదా! ఖరీదైన సామాను లేదని ఆగిపోవడం ఒక నష్టము. అప్పు చేసి అక్కరలేని సామాను కొనడం మరొక నష్టము. ఈ రెండింటి మధ్య మార్గము ఏమిటో చూద్దాము.

మొదటిది: గది

మనము మాట్లాడుకునేటప్పుడు పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది. ఆ చప్పుడు మనకు తెలియదు. ఎందుచేత? మన మెదడు దానిని పక్కకు నెట్టివేస్తుంది. మైకుకు మెదడు లేదు. ఫ్యాను, ఫ్రిజ్, వీధిలో ఆటో, పక్కింటి కుక్కరు విజిలు, అన్నిటినీ పాటతో సమానముగా పట్టుకుంటుంది. గోడలకు తగిలి తిరిగి వచ్చే ప్రతిధ్వనిని కూడా పట్టుకుంటుంది. ఒకసారి పాటలో కలిసిపోయిన ప్రతిధ్వనిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీసివేయలేదు.

గది మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ఆ శబ్దము వెనుక "ఝుం" అని మోత వినబడితే ఆ గది పనికిరాదు. టైల్స్ పరచిన ఖాళీ హాలులో ఇలాగే ఉంటుంది. పరుపు, దిండ్లు, బట్టల బీరువా ఉన్న పడకగదిలో అదే చప్పట్లు పొడిగా వినబడతాయి. ఆ గదినే ఎన్నుకోండి. బీరువా తలుపులు తెరచి ఉంచండి. పాడేవారి వెనుకా ఇరుప్రక్కలా తాడు కట్టి మందమైన బొంతలు వేలాడదీయండి. వెనుక ఎందుకు? మైకు పాడేవారి వైపు తిరిగి ఉంటుంది కాబట్టి, వారి వెనుక గోడ నుండి వచ్చే శబ్దమే దానిలోనికి ఎక్కువగా పోతుంది.

గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటిస్తే బయటి శబ్దము ఆగుతుందని కొందరు చెబుతారు. ఆగదు. నిజానికి బొంతలు కూడా వీధి చప్పుడును ఆపలేవు, గదిలోపలి మోతను మాత్రమే తగ్గిస్తాయి. వీధి చప్పుడుకు మందు సమయమే. తెల్లవారుజామున గాని, రాత్రి ఊరు పడుకున్న తరువాత గాని రికార్డు చేయండి. ఇంతవరకు మీకు ఒక్క రూపాయి కూడా ఖర్చు కాలేదు, గమనించారా?

రెండవది: మైకు

మైకులు ముఖ్యముగా రెండు రకాలు. మొదటిది డైనమిక్ మైకు. ఇది గట్టిది, దగ్గరగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా తీసుకుంటుంది. రెండవది కండెన్సర్ మైకు. ఇది సున్నితమైనది, పనిచేయడానికి సాధారణముగా 48 వోల్టుల కరెంటు అందించాలి. నిశ్శబ్దమైన గదిలో కండెన్సర్ చాలా బాగుంటుంది. ప్రతిధ్వని ఉన్న గదిలో అదే మైకు ఆ గది దోషాలన్నీ బయటపెడుతుంది. స్టూడియోలో కండెన్సర్ చూచి వచ్చి, అటువంటిదే కొని, రేకుల కప్పు కింద పెట్టి, "మైకు మంచిది కాదు" అనుకునేవారు ఉన్నారు. మైకులో దోషము లేదు.

మీ సంఘములో పాటలకూ ప్రసంగానికీ వాడే మైకు బహుశా డైనమిక్ మైకే అయి ఉంటుంది. పెద్దల అనుమతితో ముందు దానితోనే ప్రయత్నించండి. షూర్ కంపెనీ ఎస్ఎమ్ 57 మైకు 1965లోను, ఎస్ఎమ్ 58 మైకు 1966లోను వచ్చాయి. నేటికీ ప్రపంచమంతా వాటిని వాడుతూనే ఉన్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. 1979లో టాస్కామ్ కంపెనీవారు క్యాసెట్టు మీద నాలుగు ట్రాకులు రికార్డు చేసే పోర్టాస్టూడియో అనే చిన్న యంత్రాన్ని తెచ్చారు. అమెరికా గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో తన ఇంటి పడకగదిలో ఆ యంత్రముతో, రెండు ఎస్ఎమ్ 57 మైకులతో కొన్ని పాటలు నమూనాగా పాడి ఉంచుకున్నాడు. తరువాత పెద్ద స్టూడియోలో వాద్యబృందముతో అవే పాటలు మళ్లీ చేశారు. అయినా ఆ ఇంటి క్యాసెట్టులో ఉన్న జీవము రాలేదు. చివరకు ఆ క్యాసెట్టునే "నెబ్రాస్కా" అనే ఆల్బముగా విడుదల చేశారు. నేడు మామూలు ల్యాప్‌టాప్ కూడా ఆ యంత్రము కంటె ఎన్నో రెట్లు ఎక్కువ పని చేయగలదు.

మైకు కంటె ముఖ్యమైనది మైకు దూరము. నోటికీ మైకుకూ మధ్య జానెడు దూరము చాలు. ఆ దూరము రెండింతలైతే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గది మోత మాత్రం తగ్గదు. మరీ దగ్గరైతే "ప", "భ" అక్షరాల దగ్గర గాలి "ఠప్" మని కొడుతుంది. మైకును నోటికి సూటిగా కాక కొంచెము పక్కగా ఉంచండి. కుట్టుపని ఫ్రేముకు పలుచని నైలాను బట్ట బిగించి మధ్యలో పెట్టినా సరిపోతుంది. మైకును చేతితో పట్టుకోవద్దు, స్టాండు వాడండి.

మూడవది: ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్

మైకు నుండి వచ్చే విద్యుత్తును కంప్యూటరుకు అర్థమయ్యే అంకెలుగా మార్చే చిన్న పెట్టె పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. సీడీ నాణ్యత అంటే సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని కొలవడము. ఆ పని ఈ పెట్టె చేస్తుంది. ఫోకస్‌రైట్, బెరింగర్, ఎమ్-ఆడియో వంటి కంపెనీలవి చిన్నవి దొరుకుతాయి. కొనేటప్పుడు నాలుగు సంగతులు చూడండి: రెండు మైకులు పెట్టే వీలు, 48 వోల్టుల మీట, హెడ్‌ఫోన్ రంధ్రము, డైరెక్ట్ మానిటర్ మీట. ఈ చివరిది ఎందుకు? కంప్యూటరులోనికి పోయి తిరిగి వచ్చే గొంతు కొంచెము ఆలస్యముగా వినబడి పాడేవారిని తికమక పెడుతుంది. ఈ మీట ఉంటే మీ గొంతు మీకు వెంటనే వినబడుతుంది.

ఒక్కరే పాడేటట్లయితే నేరుగా యూఎస్‌బీలో పెట్టే మైకు చాలు, ఇంటర్‌ఫేస్ అక్కరలేదు. కాని రేపు హార్మోనియానికి రెండవ మైకు కావాలంటే చిక్కు వస్తుంది. ముందే ఆలోచించుకోండి.

హెడ్‌ఫోన్ చెవులను పూర్తిగా మూసేది కావాలి. లేకపోతే మీరు వింటున్న సంగీతము మైకులోనికి కారుతుంది.

నాలుగవది: సాఫ్ట్‌వేర్

దీనికి డబ్బు పెట్టనక్కరలేదు. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌ను 1999లో అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో మొదలుపెట్టి 2000లో ప్రజలకు ఇచ్చారు. అది పూర్తిగా ఉచితము. ఆపిల్ కంప్యూటరు ఉన్నవారికి గ్యారేజ్‌బ్యాండ్ ఉచితముగా దొరుకుతుంది. ఎక్కువ ట్రాకులతో పని చేసేవారు రీపర్‌ను 60 రోజులు ఉచితముగా పరీక్షించి చూడవచ్చు. ఆ తరువాత వ్యక్తులకు, లాభాపేక్ష లేని సంస్థలకు దాని ధర 60 డాలర్లు.

ఇంత చవకగా దొరుకుతూ ఉండగా దొంగ కాపీలు ఎందుకు? వాటితో వైరస్ వచ్చి రికార్డింగులన్నీ పోయే ప్రమాదమున్నది. అంతకంటె, మందిరములో పాడుకొనే పాటను దొంగ సొత్తుతో చేయడము మనకు తగునా?

రికార్డు చేసేటప్పుడు 24 బిట్ ఎన్నుకోండి. గట్టిగా పాడిన చోట కూడా కొలత మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా చూచుకోండి. ఎర్ర దీపము వెలిగితే శబ్దము చిరిగిపోయినట్టే. అసలు రికార్డింగును వేవ్ ఫైలుగా దాచండి. సీడీ నాణ్యతలో స్టీరియో పాటకు నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది. ఎంపీ3 ఇతరులకు పంపడానికి మాత్రమే, ఎందుకనగా దానిలో కొంత శబ్దము శాశ్వతముగా పోతుంది. ప్రతి పాటనూ రెండు చోట్ల దాచండి. "గుర్" మని సన్నని మోత వస్తూ ఉంటే ల్యాప్‌టాప్ ఛార్జరు తీసి చూడండి. మోత ఆగితే అది కరెంటు వల్ల వచ్చినదే. బ్యాటరీ మీద రికార్డు చేయండి.

ఏది ముందు, ఏది తరువాత?

ఈ రోజు ఉన్న ఫోను, బొంతలు కట్టిన గది, ఇవి మొదటివి. తరువాత స్టాండు, హెడ్‌ఫోన్. తరువాత ఇంటర్‌ఫేస్. ఖరీదైన మైకు చివరిది. పెద్ద స్పీకర్లు ఇప్పుడే వద్దు. పూర్తయిన పాటను హెడ్‌ఫోన్‌లోను, ఫోనులోను, మందిరపు స్పీకర్లలోను విని సరిచూచుకోండి. డ్రమ్స్, తబలా, కీబోర్డు, ఇరవైమంది గాయకులు అందరూ ఒకేసారి కావాలంటే ఆ ఒక్క పనికి స్టూడియోకు వెళ్లడమే మేలు. ఇంటి గది అన్నిటికీ చాలదు.

ప్రియులారా, సామాను గూర్చి చాలా చెప్పుకున్నాము. అయినా సామాను ఎప్పుడైనా కొనవచ్చు, పోయిన గొంతును కొనలేము. మీ ఇంటిలో, మీ సంఘములో పాత రాగాలు తెలిసిన అమ్మమ్మలు, తాతయ్యలు ఎవరున్నారు? ఈ వారములోనే వారి ఇంటికి వెళ్లండి. ఫ్యాను ఆపి, ఫోనును జానెడు దూరములో ఉంచి, "ఆ పాట ఒక్కసారి పాడండి" అని అడగండి. మిగిలినది నెమ్మదిగా నేర్చుకోవచ్చు.