పుస్తకంలో లేని ఆడవాళ్లు: జమైకా కొండల నుంచి భద్రాచలం అడవి దాకా

వెస్టిండీస్ అనగానే మనకి క్రికెట్ గుర్తొస్తుంది. గేల్, బ్రావో, పొలార్డ్ అని టకటకా చెప్పేస్తాం. అదే దీవుల నుంచి ఒక్క మహిళ పేరు చెప్పమంటే? చాలామందిమి ఆగిపోతాం. సరే, అంత దూరం ఎందుకు. మాది పాల్వంచ వైపు. మా ఖమ్మం, భద్రాచలం అడవి అంచు కోయ పల్లెల చరిత్రలో ఆడవాళ్లెవరని అడిగితే సమ్మక్క, సారలమ్మ అంటారు. ఆ తర్వాత? మళ్లీ ఆగిపోతారు. ఎందుకలా ఆగిపోతున్నామో ఈరోజు మాట్లాడుకుందాం.

ముందు ఆ దీవుల సంగతి. సుమారు 350 ఏళ్ల పాటు ఆఫ్రికా నుంచి దాదాపు 1 కోటి 25 లక్షల మందిని ఓడల్లో ఎక్కించి బానిసలుగా తరలించారు. అందులో పెద్ద వాటా కరీబియన్ దీవుల చెరకు తోటలకే వెళ్లింది. అక్కడ ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా చెరకు నరికారు. వాళ్లకి పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తే. పేరు యజమాని పెట్టిందే. కాగితాల మీద వాళ్లు కనిపించేది ఒక్కచోటే, ఆస్తుల లెక్కల పుస్తకంలో. వయసు, ధర, అంతే.

మరి వాళ్ల అసలు చరిత్ర ఎక్కడుంది? నోట్లో. పాటలో, కథలో, సామెతలో.

జమైకాలో నానీ అనే ఆమె ఉండేది. తోటల నుంచి తప్పించుకుని అడవి కొండల్లో స్వేచ్ఛగా బతికిన వాళ్లని మరూన్లు అంటారు. 1700ల మొదట్లో బ్లూ మౌంటెన్స్ వైపు మరూన్లకి నానీ నాయకురాలు. ఆవు కొమ్ముతో చేసిన అబెంగ్ అనే బూర ఊది కొండ నుంచి కొండకి కబురు పంపేవాళ్లు. బ్రిటిష్ సైన్యం 1734లో నానీ టౌన్‌ని నాశనం చేసినా వాళ్లని లొంగదీసుకోలేకపోయింది. చివరికి 1739లో మరూన్లతో ఒప్పందాలు చేసుకోవాల్సి వచ్చింది. నానీ గురించి బ్రిటిష్ కాగితాల్లో ఉన్నది చాలా తక్కువ. ఆమెను బతికించింది మరూన్ల నోటి కథలే. ఇవాళ జమైకా ఏడుగురు జాతీయ వీరుల్లో ఆమె ఒక్కతే మహిళ. 500 డాలర్ల నోటు మీద ఆమె బొమ్మ ఉంటుంది. కానీ ఆమె అసలు ముఖం ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు.

ఈ కథ వింటుంటే మీకు మేడారం గుర్తు రాలేదా? నాకైతే వెంటనే గుర్తొచ్చింది. కరువులో పన్ను కట్టమన్న కాకతీయుల సైన్యాన్ని అడవిలో ఎదిరించిన సమ్మక్క, పోరులో పాణమిచ్చిన సారలమ్మ. సమ్మక్క చిలకలగుట్ట మీదికి వెళ్లి మాయమైందని, అక్కడ కుంకుమ భరిణె దొరికిందని చెప్తారు. ఆ గద్దెల మీద విగ్రహం ఉండదు. ఈ కథని రాజుల శాసనాలు మోసుకు రాలేదు. కోయ పూజారులు, డోలీ కళాకారులు మోసుకొచ్చారు. మణుగూరు దగ్గర కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారు డోలు వాయిస్తూ కోయ వంశాల కథలు, సమ్మక్క కథ కంఠతా పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కన్నుమూశారు. అలాంటి మనిషి పోతే ఒక లైబ్రరీ మూతపడ్డట్టే.

ఒక్క మాట క్లియర్‌గా చెప్పాలి. రెండూ ఒకటే అనట్లేదు నేను. వాళ్లని సొంత నేల నుంచి ఎత్తుకెళ్లారు. కోయవాళ్లు సొంత నేల మీదే ఉంటూ పోడు కోసం, అడవి కోసం కొట్లాడారు. 1879లో రంప తిరుగుబాటు ఇక్కడి రేకపల్లి దాకా పాకడానికి పోడు మీద ఆంక్షలు, పన్నులు ఒక పెద్ద కారణం. కష్టం వేరు. కానీ ఆడవాళ్ల చరిత్ర కాగితం మీదకి ఎక్కకుండా నోటి మీదే నిలవడం మాత్రం రెండు చోట్లా ఉంది.

ఇప్పుడు అసలు పాయింట్. కరీబియన్ ఆడవాళ్లు ఆ నోటి మాటని సాహిత్యం చేశారు. ఎలా?

మేరీ ప్రిన్స్ బెర్ముడాలో బానిసగా పుట్టింది. చేతులు మారి ఆంటిగ్వా చేరింది. లండన్ వచ్చాక తన జీవితం తానే చెప్పింది. 1831లో అది పుస్తకమైంది, ఆ ఏడాదే మూడుసార్లు అచ్చయింది. బ్రిటన్‌లో అచ్చయిన నల్లజాతి మహిళ జీవితకథల్లో అదే మొదటిది. రెండేళ్లకి, 1833లో, బ్రిటిష్ వలసల్లో బానిసత్వం రద్దు చట్టం వచ్చింది. అయితే ఆమె చెప్తుంటే వేరొకరు రాశారు, ఇంకొకరు దిద్దారు. ఏ మాట ఆమెది, ఏ మాట దిద్దినవాళ్లది అని ఇప్పటికీ చర్చ జరుగుతూనే ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికొస్తా.

తర్వాత లూయీస్ బెన్నెట్. జమైకాలో అందరూ ప్రేమగా మిస్ లూ అంటారు. అక్కడి జనం మాట్లాడే పాత్వాని చెడిపోయిన ఇంగ్లీషు అని చదువుకున్నవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఆమె అదే భాషలో కవితలు రాసింది, స్టేజీ మీద, రేడియోలో చెప్పింది. 1966లో వచ్చిన ఆమె సంకలనం 'జమైకా లాబ్రిష్'. లాబ్రిష్ అంటే ముచ్చట్లు. బజారులో ఆడవాళ్ల ముచ్చట్లే కవిత్వం అయ్యాయి. నేను చదివిన స్కూల్లో ఎవరైనా కోయ మాట్లాడితే క్లాసంతా నవ్వేది. ఆ పిల్లలు మెల్లగా నోరు మూసుకున్నారు. మిస్ లూ గురించి చదివినప్పుడు నాకు వాళ్లే గుర్తొచ్చారు.

హైతీలో పుట్టిన ఎడ్విజ్ డాంటికా 1995లో 'క్రిక్? క్రాక్!' అని కథల పుస్తకం తెచ్చింది. అక్కడ కథ చెప్పేవాళ్లు 'క్రిక్?' అంటారు, వినేవాళ్లు 'క్రాక్!' అనాలి. అప్పుడే కథ మొదలు. మన దగ్గర ఊ కొట్టడం ఉంది కదా, అదే. ఊ కొట్టేవాళ్లు లేకపోతే కథ ఆగిపోతుంది.

మన దగ్గర ఊ కొట్టేవాళ్లు తగ్గుతున్నారు. 2014లో పోలవరం ముంపు పేరుతో అప్పటి ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాల ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు అన్నీ అందులోవే. ముంపు ఊళ్ల జనాన్ని కాలనీలకి తరలిస్తున్నారు. ఇల్లు పోతే పరిహారం లెక్క ఉంటుంది. భూమి పండగకి ఆడవాళ్లంతా చేతులు పట్టుకుని పాడే రేల పాటకి లెక్క ఏది? ఊరు చెదిరితే పక్కన నిలబడి పాడే మనిషే దొరకదు.

మరి మనం ఏం చేయొచ్చు? చేతిలో ఫోన్ ఉంది. మీ ఊళ్లో పాట తెలిసిన అవ్వ దగ్గర కూర్చోండి. ముందు అడగండి, ఒప్పుకుంటేనే రికార్డ్ చేయండి. కోయలో పాడితే కోయలోనే ఉంచండి, మధ్యలో ఆపి తెలుగులో చెప్పమని తొందరపెట్టొద్దు. ఆమె పేరు, ఊరు, తేదీ రాసిపెట్టండి. వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ పోతుంది, ఒరిజినల్ ఫైల్ దాచండి. బయట పెట్టొద్దన్న పాట పెట్టకండి. పూజ పాటలు కొన్ని అలాంటివే ఉంటాయి. పెడితే మాత్రం 'జానపదం' అని రాసి వదిలేయొద్దు. ఆమె పేరు పెట్టండి. మేరీ ప్రిన్స్ దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఇదే. మాట ఆమెది అయినప్పుడు, అది ఆమె మాటలాగే వినిపించాలి.

మీ ఊళ్లో అలాంటి అవ్వ ఎవరైనా ఉంటే ఈ ఆదివారమే వెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.