బాలప్రజ్ఞయు బడియును

ప్రజ్ఞగల బిడ్డను బడిలో గుర్తించుట యెట్లు? పరీక్ష చాలునని పలువురి తలంపు. చాలదు. అమెరికాలో టర్మను అను మనశ్శాస్త్రజ్ఞుడు 1921లో ఆరంభించి, బుద్ధిపరీక్షలచే 1,500కు పైబడిన బాలబాలికల నేరి, వారి జీవితములను దశాబ్దములు పరిశీలించెను. ఆ పరీక్షలో నెగ్గక విడువబడినవారిలో షాక్లీ, అల్వారెజ్ అను నిరువురు కలరు. పిమ్మట భౌతికశాస్త్రమున 1956లో షాక్లీయు, 1968లో అల్వారెజును నోబెల్ బహుమానము నందిరి. ఏరబడినవారిలో నొక్కరికిని అది దక్కలేదు.

కావున ఉపాధ్యాయుని కన్నే తొలి సాధనము. ‘ఏల’ యని విడువక యడుగువారెవరు? లెక్కను తమదైన త్రోవను సాధించువారెవరు? పని ముందే ముగించి యల్లరి చేయువారెవరు?

జవాబు మాత్రమే వ్రాసిన యొక బాలుని, చూచి వ్రాసితివని నేనొకప్పుడు దండించితిని. వాడు లెక్కను మనసులోనే కట్టెనని తరువాత తెలిసినది. నాటినుండి నా తరగతిలో వాడు నోరు తెఱవలేదు. ఆ మౌనము నన్నింకను బాధించుచున్నది.

అట్టివారికి అవే లెక్కలు మఱి పది యిచ్చుట శిక్షయే కాని తోడ్పాటు కాదు. కఠినమైనది యొక్కటి యిండు. పై తరగతి పుస్తకము చదువనిండు. బిడియపడు బాలికను, పేదయింటి బిడ్డను మఱవకుడు. ప్రజ్ఞ కలిమిని చూచి పుట్టదు.