సామర్థ్యాల ఎంపిక – పాత్రనిర్మాణం: విరాటపర్వ మారువేషాలు, పాత్రధారణ క్రీడల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడలలో ఆటగాడు కథ మొదలుకాకముందే తన పాత్రకు సామర్థ్యాలను ఎంచుకుంటాడు. తిక్కన విరాటపర్వంలో పాండవులు, ద్రౌపది అజ్ఞాతవాసానికి తగిన విద్యలను ఎంచుకునే ఘట్టం దీనికి దగ్గరగా ఉంది. ఈ రెండింటినీ పోల్చి, సామర్థ్యం కేవలం గుణం కాదనీ, పరిమితితో కూడిన నిర్ణయమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. పాత్రచిత్రణ పరిశోధనకు ఈ దృష్టి ఎలా ఉపకరిస్తుందో చివర సూచించడం జరిగింది.

కీలకపదాలు: పాత్రచిత్రణ, సామర్థ్యం, విరాటపర్వం, అజ్ఞాతవాసం, పాత్రధారణ క్రీడ, వీధినాటకం.

1. ఉపోద్ఘాతం:
‘పాత్ర’ అనే పదానికి గిన్నె, యోగ్యుడైన వ్యక్తి, నాటకంలోని వేషం అనే అర్థాలున్నాయి. ‘పాత్రత’ అంటే అర్హత. ఒక పాత్ర దేనికి అర్హమైనదో, ఎంతవరకు అర్హమైనదో తేల్చడమే పాత్రనిర్మాణంలో తొలి మెట్టు. ఈ నిర్ణయాన్ని పాత్రధారణ క్రీడ అంకెలలో చూపుతుంది. కావ్యం సంభాషణలో చూపుతుంది. రెండింటి మధ్య ప్రభావ సంబంధం ఉన్నదని ఈ వ్యాసం ప్రతిపాదించదు. ఒకే సమస్యను అవి ఎదుర్కొన్న తీరును మాత్రమే పరిశీలిస్తుంది.

2. క్రీడలో సామర్థ్యాల ఎంపిక:
గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో వెలువడింది. ఇందులో ప్రతి పాత్రకు బలం, లాఘవం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ అనే ఆరు సామర్థ్యాలుంటాయి. తొలి నియమాల ప్రకారం ఒక్కొక్క సామర్థ్యానికి మూడు పాచికలు వేసి, వచ్చిన మొత్తాన్ని స్వీకరించాలి. మూడు పాచికలు పడే 216 రీతులలో 18 వచ్చేది ఒక్కటే. 10 గానీ 11 గానీ వచ్చేవి 54. అంటే అసాధారణత అరుదు, సగటుతనం సహజం.

2014లో వచ్చిన అయిదవ కూర్పు పాచికలతో పాటు మరో రెండు మార్గాలను కూడా ఇచ్చింది. మొదటిది 15, 14, 13, 12, 10, 8 అనే సిద్ధమైన అంకెలను ఆరు సామర్థ్యాలకు పంచుకోవడం. రెండవది 27 పాయింట్లను ఖర్చుచేసి అంకెలను కొనుక్కోవడం. ప్రతి సామర్థ్యమూ 8తో మొదలవుతుంది. 13 వరకు ఒక్కొక్క మెట్టుకు ఒక పాయింటు చాలు; 14కు, 15కు చేరడానికి మెట్టుకు రెండేసి కావాలి. కనుక 15 విలువ 9 పాయింట్లు. మూడు సామర్థ్యాలను 15కు పెంచితే 27 పాయింట్లూ అయిపోయి, మిగిలిన మూడూ 8 దగ్గరే ఆగిపోతాయి. 8 ఉన్నచోట ఆ సామర్థ్యంతో చేసే ప్రతి యత్నంలోనూ ఒక అంకె తగ్గుతుంది.

మన పరిభాషలో చెప్పాలంటే మొదటి పద్ధతి దైవం. పాయింట్ల పద్ధతి పురుషకారం. అయితే పురుషకారంలోనూ అన్నీ దక్కవు. ఒకచోట పెంచడమంటే మరొకచోట తగ్గడానికి ఒప్పుకోవడమే.

3. విరాటపర్వంలో విద్యల ఎంపిక:
తిక్కన తన భారతరచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. అందులోని తొలి సమస్యే ఎంపిక. ఏడాదిపాటు ఎవరికీ తెలియకుండా బ్రతకాలి; బయటపడితే మళ్ళీ అడవి. కనుక ప్రతి ఒక్కరూ తమకు నిజంగా వచ్చినదై, తమను పట్టివ్వని విద్యనే ఎంచుకోవాలి. ధర్మరాజు కంకుభట్టుగా, భీముడు వలలుడుగా, అర్జునుడు బృహన్నలగా, నకులుడు దామగ్రంథిగా, సహదేవుడు తంత్రీపాలుడుగా, ద్రౌపది సైరంధ్రిగా విరాటుని కొలువులో చేరుతారు.

ఇక్కడ మూడు విషయాలు గమనార్హం. మొదటిది, వారి ప్రధాన సామర్థ్యాలు మూతపడతాయి. ఆయుధాలు జమ్మిచెట్టు ఎక్కుతాయి, విలుకాడు నాట్యాచార్యుడవుతాడు. రెండవది, లోపమే అర్హతగా మారుతుంది. ఏ జూదం వల్ల రాజ్యం పోయిందో, ఆ జూదమే కంకుభట్టుకు జీవిక. ఊర్వశి శాపం బృహన్నలకు రక్ష. మూడవది, ఎంపికతో పాటు షరతులూ వస్తాయి. ద్రౌపది సుధేష్ణ వద్ద కొలువుకు ఒప్పుకుంటూనే తాను చేయని పనులను ముందే చెబుతుంది.

ఈ పరిమితుల నుంచే కథ పుడుతుంది. కీచకుడు నిండుసభలో ద్రౌపదిని అవమానించినప్పుడు భీముడు చెట్టు వైపు చూస్తాడు. ధర్మరాజు అతణ్ణి గూఢమైన మాటలతో వారిస్తాడు. ఆ ఘట్టానికి బిగువునిచ్చినది భీముని బలం కాదు, ఆ బలాన్ని వాడరాని స్థితి. క్రీడలో 15 ఎదుట 8 చేసే పనిని ఇక్కడ అజ్ఞాతవాస నియమం చేస్తున్నది.

4. పాత్ర సామర్థ్యం – పాత్రధారి సామర్థ్యం:
చౌడేపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలు భాగమైన ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ వద్ద జరిగే భారత ఉత్సవాలు ఈ చర్చకు మరో కోణాన్నిస్తాయి. ఇవి సాధారణంగా పద్దెనిమిది రోజులు సాగుతాయి. పగలు హరికథ, రాత్రి వీధినాటకం ఉంటాయి. అర్జున తపస్సు నాడు వేషధారి పాటలు పాడుతూ ఎత్తైన తపస్సు మాను ఎక్కుతాడు. అర్జునుని సామర్థ్యం కథ ఇచ్చినదే. కాని మాను ఎక్కే పట్టు, ఎక్కుతూ పాడే గొంతు వేషధారివి కావాలి.

బల్లమీది క్రీడలో దేహవిషయంలో ఈ ముడి తెగిపోతుంది. బలహీనుడైన ఆటగాడు మహాబలుని పాత్రను ధరించవచ్చు. ఇరవై ముఖాల పాచిక, పాత్ర అంకె కలిసి ఫలితాన్ని తేలుస్తాయి. అయితే మాటల విషయంలో చిక్కు మిగులుతుంది. ‘ఆకర్షణ’ 15 ఉన్న పాత్రను మితభాషి ఆడుతుంటే రాజును ఒప్పించేది అతని మాటా, పాచికా? పాచికనే నమ్మితే సంభాషణ వృథా. మాటనే నమ్మితే అంకె వృథా. ఆటగాడు తన ఉద్దేశాన్ని చెప్పగా, దాని ఫలాన్ని పాచికకు వదలడం ఒక మధ్యేమార్గం. వీధినాటకం పాత్రధారి శరీరాన్ని కోరుతుంది. క్రీడ అతని నిర్ణయాన్ని కోరుతుంది.

5. పాత్రచిత్రణ పరిశోధనకు అన్వయం:
మన పరిశోధనల్లో పాత్రచిత్రణ అధ్యాయం తరచుగా గుణాల పట్టికగా ముగుస్తుంది: ధీరుడు, ఉదారుడు, సత్యసంధుడు. నాయకలక్షణాలను వరుసపెట్టిన లక్షణగ్రంథాల పద్ధతి దీనికి ఆధారం. ఆ పట్టిక అవసరమే. కాని అది క్రీడలో పాత్రపత్రం వంటిది. అందులో ఆట ఇంకా మొదలు కాలేదు. గుణాన్ని పేర్కొన్న తరువాత పరిశోధకుడు వేయవలసిన ప్రశ్నలు మూడు: ఈ సామర్థ్యానికి ఆ పాత్ర చెల్లించిన మూల్యం ఏమిటి? దాన్ని వాడరాని సందర్భం ఎక్కడ వచ్చింది? ఏ లోపం అర్హతగా మారింది? ఈ ప్రశ్నలు వేయకపోతే భీముని గురించి రాసిన వాక్యాలు ఏ బలశాలికైనా సరిపోతాయి.

6. ముగింపు:
1. సామర్థ్యాల ఎంపిక అంటే బలాలను కూడబెట్టడం కాదు, పరిమితులను అంగీకరించడం.
2. పాయింట్ల పద్ధతిలోని కొరత, విరాటపర్వంలోని అజ్ఞాతవాస నియమం ఒకే పని చేస్తాయి: రెండూ పాత్రను సంకటంలోకి నెట్టి కథను నడిపిస్తాయి.
3. పాత్ర సామర్థ్యాన్నీ పాత్రధారి సామర్థ్యాన్నీ వేరుచేసి చూసినప్పుడే వీధినాటకానికీ, బల్లమీది క్రీడకూ గల భేదం స్పష్టమవుతుంది.
4. పాత్రచిత్రణ అధ్యయనం గుణాల పట్టిక దగ్గర ఆగక, ఆ గుణం పరీక్షకు నిలిచిన సన్నివేశం దాకా సాగాలి.